నాలుగు ఆసులు పట్టుకుని ఓడిపోయే లెక్క: బ్యాడ్ బీట్ జాక్‌పాట్ ఎన్ని ఆటలకొకసారి తగులుతుంది?

#1 కళావర్_రాణి

అమెరికా పోకర్ రూముల్లో గోడ మీద అంకెలు వెలిగే బోర్డు ఒకటి ఉంటుంది కదా, బ్యాడ్ బీట్ జాక్‌పాట్ అని, పెద్ద చెయ్యి పట్టుకుని కూడా ఓడితే ఇచ్చే సొమ్ము. షరతు మామూలుగా ఇలా రాస్తారు: "క్వాడ్స్ (ఒకే అంకెవి నాలుగు) గానీ అంతకన్నా పెద్దది గానీ ఓడిపోవాలి. ఇద్దరికీ రెండు చేతి ముక్కలూ ఆడాలి. క్వాడ్స్ అయితే చేతిలో జత ఉండాలి."

ఇది ఎన్ని ఆటలకొకసారి వస్తుంది? ఒకచోట లక్షకొకటి అంటారు, ఇంకోచోట 270 కోట్లలో ఒకటి అంటారు. ఇంత తేడా ఎలా వస్తుంది? టెక్సస్ హోల్డెమ్ (చేతిలో రెండు ముక్కలు, బల్ల మధ్య బోర్డు మీద అందరికీ ఉమ్మడిగా ఐదు), తొమ్మిదిమంది బల్ల అనుకుని ఎవరైనా అంచెలంచెలుగా లెక్క కట్టి చూపిస్తారా? జవాబు ఒక్కటే పడేసి పోకండి, దారి కూడా కావాలి.

#2 లెక్కల_పంతులు

ముందు ప్రశ్న తేల్చుకోవాలండీ. "ఫలానా ఇద్దరికి" అని అడిగితే ఒక జవాబు. "బల్ల మీద ఎవరో ఒక ఇద్దరికి" అని అడిగితే దానికి 36 రెట్లు, ఎందుకంటే తొమ్మిదిమందిలో ఇద్దరిని 36 రకాలుగా ఎంచవచ్చు. "ఇద్దరి చేతుల్లో ఏముందో తెలిశాక" అని అడిగితే అది పూర్తిగా వేరే సంగతి. నెట్‌లో తిరిగే అంకెలు కొట్టుకునేది ఇక్కడే.

క్వాడ్స్ మీద క్వాడ్స్ తీసుకుందాం. రివర్ (బోర్డు మీది చివరి ముక్క) దాకా ఎవరూ ముక్కలు పడేయరు అనుకుని.

మొదటివాడికి జత రావడం 17లో ఒకటి. రెండోవాడికి మిగిలిన 50 ముక్కల్లోంచి రెండు, అంటే 1,225 రకాలు. అందులో వేరే అంకె జతలు 12 × 6 = 72. కాబట్టి ఇద్దరికీ వేర్వేరు జతలు రావడం 17 × 1,225 = 20,825లో 72.

ఇప్పుడు బోర్డు. మిగిలినవి 48 ముక్కలు, వాటిలో ఐదు పడే రకాలు 17,12,304. మనకు కావలసిన బోర్డులో మొదటివాడి అంకెవి రెండు, రెండోవాడి అంకెవి రెండు కచ్చితంగా ఉండాలి. ఐదోది మిగతా 44లో ఏదైనా ఫరవాలేదు. అంటే 44 బోర్డులు. 17,12,304ని 44తో భాగిస్తే సరిగ్గా 38,916.

అంటే ఒకడి చేతిలో తొమ్మిదులు, ఇంకొకడి చేతిలో రాజులు ఉన్నాయని తెలిశాక కూడా ఇద్దరికీ క్వాడ్స్ పడడం 38,916లో ఒకటి. చేతులు తెలియకముందు ఇద్దరికి 1.126 కోట్లలో ఒకటి. తొమ్మిదిమంది బల్లకి దాన్ని 36తో భాగిస్తే 3,12,664లో ఒకటి. పదిమంది బల్లయితే జంటలు 45, కాబట్టి 2,50,131లో ఒకటి.

#3 ఇస్పేట్_ఆసు

270 కోట్ల పుట్టుక చెప్తాను. 2008 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్, లాస్ వేగస్ రియో కాసినోలో. మోతోయుకి మబూచి చేతిలో ఆసుల జత, జస్టిన్ ఫిలిప్స్ చేతిలో డైమన్ రాజు, జాకీ. రివర్‌లో డైమన్ ఆసు పడింది. ఆ ఒక్క ముక్కతోనే మబూచికి నాలుగు ఆసులు, ఫిలిప్స్‌కి రాయల్ ఫ్లష్ (ఒకే జాతి ఆసు, రాజు, రాణి, జాకీ, పది). టీవీలో వేసిన అంకె 270 కోట్లలో ఒకటి.

ఆ అంకె ఎలా వచ్చిందో చూడండి. ఐదు ముక్కల పోకర్‌లో క్వాడ్స్ 4,165లో ఒకటి. ఐదు ముక్కల్లో రాయల్ 6,49,740లో ఒకటి. రెండూ గుణిస్తే 270,61,67,100. సరిగ్గా అదే.

హోల్డెమ్‌లో ఒక్కొక్కరికి ఏడు ముక్కల్లోంచి ఐదు. పైగా బోర్డు ఇద్దరిదీ. ఈ రెండూ మరిచిపోతే వచ్చే అంకె అది.

#4 కళావర్_రాణి

మరి దాని అసలు లెక్క? నాలుగు ఆసులు రాయల్‌కి ఓడడం?

#5 ఇస్పేట్_ఆసు

బోర్డు, ఇద్దరి చేతులు కలిపి మొత్తం రకాలు 25,98,960 × 1,081 × 990. అంటే సుమారు 2,78,138 కోట్లు. ఈ అంకె గుర్తుపెట్టుకోండి, ఇద్దరి లెక్కలన్నింటికీ హారం ఇదే.

కావలసినవి: రాయల్ జాతి 4 రకాలు. రాయల్ ముక్కల్లో ఆసు బోర్డు మీదే ఉండాలి. అది రాయల్ పట్టినవాడి చేతిలో ఉంటే అవతలివాడికి నాలుగు ఆసులు ఎక్కడివి? మిగిలిన రాజు, రాణి, జాకీ, పదిలో రెండు చేతిలో, రెండు బోర్డు మీద: 6 రకాలు. బోర్డు మీది రెండో ఆసు: 3 రకాలు. మిగతా రెండు ఆసులు అవతలివాడి చేతిలో. ఐదో బోర్డు ముక్క: 44. మొత్తం 4 × 6 × 3 × 44 = 3,168. ఎవరి చేతిలో ఏది అన్నది తారుమారు కావచ్చు గనక రెట్టింపు, 6,336.

ఫలానా ఇద్దరికి 43.9 కోట్లలో ఒకటి. తొమ్మిదిమంది బల్లకి 1.22 కోట్లలో ఒకటి. టీవీ అంకె కన్నా రెండు వందల రెట్లకు పైగా ఎక్కువ తరచుగా వస్తుందన్నమాట. అరుదే. కానీ ప్రపంచమంతా రోజూ పంచే ఆటలతో పోలిస్తే వింతేం కాదు.

#6 ప్లేనో_పోరడు

అన్నా, విడివిడి లెక్కలు గుణిస్తే ఎప్పుడూ తక్కువే చూపిస్తదా? అంటే అసలుది గుణించిన దానికన్నా ఎక్కువసార్లు వస్తదా?

#7 లెక్కల_పంతులు

మంచి ప్రశ్న అడిగారు. ఎప్పుడూ అలా కాదు, తప్పు రెండు వైపులా పోతుంది.

చేతిలో జతతో క్వాడ్స్ కొట్టడం ఒక మనిషికి 2,082.5లో ఒకటి (జత 17లో ఒకటి, అది రివర్ లోపు నాలుగవడం 122.5లో ఒకటి). దాన్ని దానితోనే గుణిస్తే 43.4 లక్షల్లో ఒకటి. అసలు జవాబు 1.126 కోట్లలో ఒకటని పైన చూశాం. అంటే ఇక్కడ నిజం రెండున్నర రెట్లకు పైగా అరుదు. కారణం బోర్డే. ఐదు గళ్లు, అందులో రెండు నీకు కావాలి, రెండు నాకు కావాలి. చోటు కోసం ఒకరినొకరు తోసుకుంటున్నాం.

రాయల్ దగ్గర ఉల్టా. చేతిలో ఆసులతో క్వాడ్స్ 27,072లో ఒకటి. రెండు చేతి ముక్కలూ వాడి రాయల్ కొట్టడం 64,974లో ఒకటి. గుణిస్తే 176 కోట్లలో ఒకటి. అసలు జవాబు, ఫలానావాడికి క్వాడ్స్, ఫలానావాడికి రాయల్ అని స్థానాలు ఖాయం చేస్తే, 87.8 కోట్లలో ఒకటి. అంటే దాదాపు రెట్టింపు తరచు. ఇక్కడ బోర్డు మీది ఒక ఆసు ఇద్దరికీ పనికొస్తోంది, గళ్ల మీద ఒత్తిడి తగ్గింది.

అందుకే గుణించే ముందు "బోర్డు మీది ముక్క ఇద్దరికీ ఉమ్మడా, లేక పోటీనా" అని చూడాలి.

#8 ఇస్పేట్_ఆసు

జాక్‌పాట్‌లో ఎక్కువగా తగిలేది క్వాడ్స్ మీద క్వాడ్స్ కాదు, క్వాడ్స్ మీద స్ట్రెయిట్ ఫ్లష్ (ఒకే జాతివి వరసగా ఐదు). లెక్క కొంచెం మెలికలది, ఓపిగ్గా చదవండి.

స్ట్రెయిట్ ఫ్లష్‌లు 40 (పది వరసలు × నాలుగు జాతులు, రాయల్ కలిపి). ఐదింటిలో రెండు చేతిలో, మూడు బోర్డు మీద: 10 రకాలు. ఇప్పటికి 400.

బోర్డు మీద ఇంకా రెండు ముక్కలు పడాలి, అవతలివాడికి క్వాడ్స్ చెయ్యాలి. రెండు దారులు. ఒకటి, బోర్డు మీది మూడు వరస ముక్కల్లో ఒకదానికి జత పడడం: 3 × 3, ఐదో ముక్క 44, మొత్తం 396. రెండోది, వరసలో లేని ఎనిమిది అంకెల్లో ఏదో ఒకటి జతగా పడడం: 8 × 6 = 48. కలిపి 444.

400 × 444 = 1,77,600. ఇందులో బోర్డు మీద ఒకే జాతివి నాలుగు పడినప్పుడు రెండుసార్లు లెక్కలోకొచ్చినవీ, ఒక్క చేతి ముక్కతోనే పెద్ద వరస అయిపోయేవీ 4,320 ఉన్నాయి. తీసేస్తే 1,73,280. రెట్టింపు చేసి పైన చెప్పిన హారంతో భాగించండి. ఫలానా ఇద్దరికి 80 లక్షల్లో ఒకటి, తొమ్మిదిమంది బల్లకి సుమారు 2.23 లక్షల్లో ఒకటి.

స్ట్రెయిట్ ఫ్లష్ మీద స్ట్రెయిట్ ఫ్లష్, ఇద్దరికీ రెండేసి ముక్కలు ఆడుతూ: సుమారు పది లక్షల్లో ఒకటి.

మూడూ కలిపితే బల్ల మీద సుమారు 1.15 లక్షల ఆటలకొకసారి. డీలర్ గంటకు ముప్పై ఆటలు పంచుతాడనుకుంటే ఒక బల్లకి 3,800 గంటల పైచిలుకు. పది బల్లలు పగలూ రాత్రీ నడిచే రూముకి పదహారు రోజులు.

#9 ప్లేనో_పోరడు

గిదంతా ఎవ్వడూ ఫోల్డ్ చెయ్యకపోతేనే కదా అన్నా. నిజం బల్ల మీద రెళ్ల జతను ఎవడు రివర్ దాక పట్టుకుంటడు? ఐదు–నాలుగు కళావర్ అయినా ఎవడన్న గట్టిగ పెంచితే పడేస్తడు. లక్షా పదిహేను వేలు అన్నది కింది హద్దు. అసలుది దానికన్నా చాలా పెద్దగనే ఉంటది. పదహారు రోజులకొకసారి కొట్టే రూము ఏడుందో చూపెట్టుండ్రి.

#10 లెక్కల_పంతులు

ఒప్పుకుంటాను. పైగా ఫోల్డులు అన్నింటినీ సమంగా కొయ్యవు, అదే ముఖ్యం. రెండు, మూడు, నాలుగు జతలు ఫ్లాప్‌లో (బోర్డు మీది మొదటి మూడు ముక్కల్లో) సెట్, అంటే ఆ అంకెది మూడోది, పడకపోతే చిన్న పందేనికే పోతాయి. టర్న్ (నాలుగో ముక్క), రివర్ మీద క్వాడ్స్ కావలసినవన్నీ అక్కడే చచ్చిపోతాయి.

దీనికి ఎదురు ఇంకో షరతు చూడండి. చాలా రూములు "క్వాడ్స్ ఓడాలి" బదులు "ఆసులు–జాకీల ఫుల్ హౌస్ (మూడు ఆసులు, రెండు జాకీలు) గానీ పైది గానీ క్వాడ్స్‌కి ఓడాలి" అని పెడతాయి. ఒకడి చేతిలో ఆసులు, ఒకడి చేతిలో జాకీలు ఉన్నాయనుకుందాం. బోర్డు మీద రెండు జాకీలూ, ఒకే ఒక ఆసూ పడే రకాలు 2 × 946 = 1,892. అంటే 905లో ఒకటి. క్వాడ్స్ మీద క్వాడ్స్ 38,916తో పోల్చండి. 43 రెట్లు సులువు.

బల్ల మొత్తానికి చూస్తే, చేతిలో ఆసులు పట్టినవాడు జాకీ, రాణి, రాజు జతల్లో ఒకదాని క్వాడ్స్‌కి ఇలా ఓడడం, ఈ ఒక్క దారే, 1.89 లక్షల్లో ఒకటి. ఈ జతలను పడేసేది తక్కువ. కాబట్టి ఈ అంకెకి కాగితం మీదా, బల్ల మీదా తేడా తక్కువ పడుతుంది. గోడ మీద షరతు చదివేటప్పుడు సొమ్ము అంకె కన్నా ముందు ఈ వాక్యం చదవండి.

#11 బల్లకవతలివాడు

డీలింగ్ వైపు సంగతులు చెప్తాను. లెక్క కలిసొచ్చినా డబ్బు రాకుండా పోయే చోట్లు ఇవి.

"రెండు చేతి ముక్కలూ ఆడాలి" అన్నది అన్నింటికన్నా ఎక్కువమందిని ముంచుతుంది. ఉదాహరణకు చేతిలో ఇస్పేట్ ఆసు, ఇస్పేట్ రాజు. బోర్డు మీద రెండు ఆసులు, రెండు రాణులు, ఒక ఏడు. ఫుల్ హౌస్ ఆసులు–రాణులు, చూడ్డానికి షరతు దాటేసింది. కానీ రాణులు రెండూ బోర్డువి, రాజు ఊరికే కూర్చున్నాడు. ఒక్క ఆసు మాత్రమే ఆడింది. జాక్‌పాట్ లేదు.

ఇంకోటి. బోర్డు మీద ఆఠీన్ ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఒకడి చేతిలో ఆఠీన్ తొమ్మిది, పది. వాడిది ఆరు నుంచి పది, రెండు ముక్కలూ ఆడాయి. అవతలివాడి చేతిలో ఆఠీన్ మూడు, నాలుగు. వాడి పెద్ద చెయ్యి నాలుగు నుంచి ఎనిమిది, మూడు ఆడలేదు. "నేను మూడు నుంచి ఏడు అంటాను" అంటే కుదరదు. చూసేది అందరికన్నా పెద్దదయ్యే ఐదు ముక్కలనే, మనం ఎంచుకున్న ఐదింటిని కాదు.

బోర్డు మీద మూడు తొమ్మిదులు పడి, చేతిలో తొమ్మిది–ఆసు ఉంటే? ఆసు కిక్కర్‌గా (పక్కన ఐదో ముక్కగా) ఆడింది కదా అని వాదిస్తారు. చాలా రూముల నియమం "క్వాడ్స్‌కి చేతిలో జత ఉండాలి" అని విడిగా ఉంటుంది. అక్కడ ఇది చెల్లదు. ఆ వాక్యం లేని రూములో చెల్లవచ్చు. అందుకే నియమాల కాగితం ఆట మొదలుకాకముందే అడిగి చదువుకోవాలి. డీలర్‌ని నోటిమాటగా అడిగి ఊరుకోకండి.

#12 కళావర్_రాణి

ఓడిపోయినవాడు కోపంలో ముక్కలు విసిరేస్తే?

#13 బల్లకవతలివాడు

పోయినట్టే. మూసి తోసిన ముక్కలు చెత్తలో కలిశాక ఆ చెయ్యి లేదు. జాక్‌పాట్‌కి రెండు చేతులూ బల్ల మీద తెరిచి కనిపించాలి. నాలుగు ఆసులో, క్వాడ్సో పట్టుకుని ఓడిపోయారా, చేతులు వెనక్కి తీసుకోండి. మీ ముక్కలు మీ ముందే తెరిచి ఉంచండి. పాట్ (మధ్యలో చేరిన పందెం సొమ్ము) అవతలివాడికి తోయబోతుంటే "ఆగండి, సూపర్‌వైజర్‌ని పిలవండి" అనండి.

తరవాత జరిగేది: ఆట ఆపుతారు. ఎవరూ కుర్చీలోంచి లేవకూడదు, పాట్ కదపరు. పేకలో 52 ముక్కలూ ఉన్నాయో లేదో లెక్కపెడతారు. ఒక ముక్క రెండుసార్లు కనిపించినా, ఒకటి తక్కువైనా ఆ ఆటే రద్దు. కెమెరా గదిలో రికార్డు చూస్తారు. ఆ ఆటకి ముక్కలు పంచినవాళ్ల పేర్లు, కుర్చీ నంబర్లు రాసుకుంటారు. ఐడీ అడుగుతారు, విజిటర్లయితే పాస్‌పోర్టు. ఇదంతా గంట దాటొచ్చు.

వాటా ముక్కలు పంచినవాళ్లకే. సిగరెట్ కోసం బయటికెళ్లి ఆ ఒక్క ఆట ఎగ్గొట్టినవాడికి, కుర్చీ మీద చిప్స్ ఉన్నా, దక్కదు.

#14 ఆఠీన్_రాజు

మాట్లాడ్డం గురించి కూడా చెప్పండి బాసూ. మనవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ఫ్లాప్‌లో జత, ఒకే జాతివి రెండు కనబడగానే పక్కవాడితో తెలుగులో "పడేయకురా, జాక్‌పాట్ ఉంది" అని గొణుగుతారు. ఆట నడుస్తుండగా జాక్‌పాట్ ఊసెత్తినా, చెయ్యేంటో చెప్పినా, సైగ చేసినా రద్దు చేసే హక్కు రూముకి ఉంటుంది. పైగా చాలా రూముల్లో బల్ల దగ్గర ఇంగ్లిష్ తప్ప వేరే భాషే పనికిరాదు. ఆ గొణుగుడు ఒక్కటి చాలు.

#15 బల్లకవతలివాడు

అవును. ఇంకో మూడు చిన్నవి. కనీస పాట్: పది డాలర్లో, ఇరవై డాలర్లో, రూముని బట్టి. అది దాటకపోతే డ్రాప్ (పాట్ నుంచి జాక్‌పాట్‌కి తీసే సొమ్ము) తియ్యరు, జాక్‌పాట్ లెక్కకీ రాదు. కనీస మనుషులు: నలుగురికో ఐదుగురికో ముక్కలు పంచి ఉండాలి. తెల్లవారుజామున ముగ్గురే మిగిలిన బల్ల మీద కొడితే వట్టిదే. మిగిలిన బోర్డు ముక్కలు రెండుసార్లు తిప్పుకుందాం అని ఒప్పుకుంటే చాలాచోట్ల అర్హత పోతుంది.

అందుకే క్వాడ్స్ పట్టుకుని అవతలివాడు స్ట్రెయిట్ ఫ్లష్ వెతుక్కుంటున్నాడని అనిపిస్తే, పాట్ కనీసం దాటిన తరవాత వాడిని తరిమేంత పందెం పెట్టకండి.

#16 ప్లేనో_పోరడు

ఇప్పుడు డబ్బుల ముచ్చట. ఒక్కో పాట్ నుంచి రేక్ (రూము తీసుకునే వాటా) కాకుండా జాక్‌పాట్‌కి ఒక డాలర్ తీస్తరు (కొన్నిచోట్ల రెండు). గంటకు ముప్పై ఆటలు, తొమ్మిదిమంది, అంటే సగటున ఒక్కొక్కడు మూడు పాట్‌లు గెలుస్తడు. గంటకు మూడు డాలర్లు మన జేబుల నుంచే పోతున్నయి.

పంపకం చాలాచోట్ల సగం ఓడినోడికి, పావు గెలిచినోడికి, పావు బల్లకి. గోడ మీది బోర్డుల 2,00,000 డాలర్లు ఉంటే ఓడినోడికి 1,00,000, గెలిచినోడికి 50,000, మిగిలిన ఏడుగురికి తలా 7,142. గోడ మీద కనపడే అంకె మొత్తం ఒక్కడికే అనుకునేటోళ్లు ఇంకా ఉన్నరు!

కొన్ని రూములు ఆ కుండలోంచి నిర్వహణ ఖర్చని కొంత శాతం తీసుకుంటయి. ఇంకొంత పక్క కుండల ఏసి, జాక్‌పాట్ పోయినంక మళ్లా మొదలుపెట్టనీకి దాస్తరు. అవన్నీ తీసేసినంకనే గోడ మీది అంకె.

#17 చీరాల_చిన్నోడు

జాక్‌పాట్ పెద్దదయితే చిన్న జతలతో కూడా రెయిజ్‌కి (పెంచిన పందేనికి) కాల్ చెయ్యొచ్చు, అంటే సరిపడా పెట్టి ఆడొచ్చు అంటారు కదండీ? నిజమేనా?

#18 లెక్కల_పంతులు

కాగితం పెట్టి చూద్దాం. గోడ మీది బోర్డులో 2,00,000 డాలర్లు, షరతు క్వాడ్స్ ఓడడం. మీ చేతిలో ఐదుల జత. ఎనిమిదిమంది ఎదురున్నారు, ఎవరూ పడేయరని మీకు అనుకూలంగా అనుకుందాం.

క్వాడ్స్ మీద క్వాడ్స్‌లో మీరు ఒక పక్షం కావడం: 8 × 72/1,225 × 44/17,12,304, అంటే 82,764లో ఒకటి. గెలుపో ఓటమో ఏదైనా సగటున 75,000 అనుకుంటే విలువ 90 సెంట్లు. (ఐదులతో ఎక్కువగా ఓడిపోయేది మీరే కాబట్టి ఇంకో పది పదిహేను సెంట్లు కలుపుకోండి.) మీ క్వాడ్స్ స్ట్రెయిట్ ఫ్లష్‌కి ఓడడం సుమారు 1.18 లక్షల్లో ఒకటి, విలువ 85 సెంట్లు.

మొత్తం రెండు డాలర్ల లోపు. అదీ ఎవరూ పడేయకపోతే. పదిహేను డాలర్ల రెయిజ్‌కి జాక్‌పాట్ కోసం కాల్ చేస్తే మిగతా పదమూడూ దేనికోసం పెట్టినట్టు? సెట్ కోసం అయితే సరే. ఫ్లాప్‌లో సెట్ 8.5లో ఒకటి, వెనకాల చిప్స్ తగినంత ఉంటే అది వేరే లెక్క.

#19 చీరాల_చిన్నోడు

అర్థమైంది మాస్టారూ. జాక్‌పాట్ సంగతి వదిలేస్తే, మామూలు బల్ల మీద "ఇలా ఓడిపోవడం అరుదు" అని జనం ఏడ్చేవి, రాజుల మీద ఆసులు, సెట్ మీద సెట్, అవి నిజంగా అరుదేనా?

#20 ఇస్పేట్_ఆసు

అరుదు కాదు. మీ చేతిలో రాజులుంటే ఒక్క ప్రత్యర్థికి ఆసులుండడం 204లో ఒకటి. ఎనిమిదిమంది ఉంటే 25.6లో ఒకటి. రాజులు మీకు 221 ఆటలకొకసారి వస్తాయి. రెండూ కలిపి మీకు ఈ దెబ్బ సుమారు 5,650 ఆటలకొకసారి, గంటకు ముప్పై చొప్పున 188 గంటలకి. అయితే బల్ల మీద ఎవరో ఒకరికి ఆసులు, ఇంకొకరికి రాజులు పడడం 627 ఆటలకొకసారి, అంటే ఇరవై ఒక్క గంటలకి. అందుకే "పోయిన వారమే చూశానే" అనిపిస్తుంది. చూడ్డం వేరు, మనకు తగలడం వేరు. ముందే అంతా లోపలికి తోస్తే ఆసులు గెలిచేది సుమారు 82 శాతం.

సెట్ మీద సెట్: ఇద్దరి చేతుల్లో వేర్వేరు జతలుంటే ఫ్లాప్‌లో ఇద్దరికీ సెట్ పడే రకాలు 2 × 2 × 44 = 176. మొత్తం ఫ్లాప్‌లు 17,296. అంటే 98లో ఒకటి. బల్ల మొత్తానికి, ఎవరూ జతలు పడేయకపోతే, 790 ఆటలకొకసారి.

అవతలివాడికి రివర్‌లో ఒకే ఒక ముక్క కావాలి, అది పడి మీరు ఓడారు: 44లో ఒకటి. దీన్ని "కోటికొక్కటి" అనేవాళ్లని చూస్తే నవ్వొస్తుంది. టర్న్, రివర్ రెండూ ఫలానా ముక్కలే పడాలి అంటే 990లో ఒకటి. అది ఏడవదగ్గదే.

#21 నిర్వాహకుడు

ఈ చర్చలో ఆన్‌లైన్ డబ్బాట సైట్ల లింకులు రెండు తీసేశాం. తెలంగాణలో 2017 నుంచీ, ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచీ ఆన్‌లైన్ డబ్బాటలు నిషేధం. 2025లో కేంద్ర చట్టం కూడా వచ్చింది. లెక్కల చర్చ కొనసాగించండి.

#22 ఆఠీన్_రాజు

పన్ను సంగతి ఎవరూ ఎత్తలేదు. విజిటర్ వీసా మీద వచ్చి కొడితే, అంటే పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్ అయితే, జాక్‌పాట్ సొమ్ములో 30 శాతం అక్కడే పట్టుకుంటారు. బ్లాక్‌జాక్, రూలెట్ లాంటి వాటికి ఆ పన్ను నుంచి మినహాయింపు ఉంది గానీ పోకర్‌కి లేదు. 1,00,000 అంటే చేతికొచ్చేది 70,000. ఇండియాలో రెసిడెంటే కాబట్టి ఇక్కడి రిటర్న్‌లో కూడా చూపించాలి, ఇక్కడా రేటు 30 శాతం, సెస్ అదనం. అక్కడ పట్టుకున్నట్టు ఇచ్చే కాగితం భద్రంగా దాచుకోవాలి, లేకపోతే ఇక్కడ తగ్గింపు అడగడం కష్టం.

#23 ప్లేనో_పోరడు

ఓమాహా బల్లకి ఇదే కుండ పెడితే? చేతిలో నాలుగు ముక్కలు కదా.

#24 లెక్కల_పంతులు

పెడితే రోజూ పేలుతుంది. నాలుగు ముక్కల్లో రెండేసి జంటలు ఆరు. ఒక్కో మనిషి ఆరు హోల్డెమ్ చేతులు పట్టుకున్నట్టు. ఇద్దరి మధ్య ఆరు ఆర్లు ముప్పై ఆరు రకాల ఢీ. ముక్కలు పంచుకోవడం వల్ల సరిగ్గా 36 రెట్లు కాదు గానీ, ఆ దరిదాపుల్లో ఊహించుకోండి. అందుకే ఓమాహాకి జాక్‌పాట్ ఉంటే షరతు చాలా పైన పెడతారు, స్ట్రెయిట్ ఫ్లష్ ఓడాలి అన్నట్టు. ఆరు ముక్కల ఓమాహాలో జంటలు పదిహేను.

#25 చీరాల_చిన్నోడు

చివరగా ఒకటి. క్వాడ్స్ పట్టుకుని ఓడినవాడు చిప్స్ ముందే అంతా లోపలికి తోసేసి ఉంటే, ఇంకో ఇద్దరు పక్క పాట్ (వాడికి వాటా లేని విడి పాట్) ఆడుతుంటే, కనీస పాట్ దేన్నిబట్టి చూస్తారు?

#26 బల్లకవతలివాడు

చాలా రూముల్లో మెయిన్ పాట్‌నే, అంటే ముందే తోసేసినవాడికీ వాటా ఉన్న పాట్‌నే చూస్తారు. ఓడినవాడు, గెలిచినవాడు ఇద్దరూ అందులో ఉండాలి. మూడోవాడు కూడా అర్హత ఉన్న చేత్తో ఉంటే? పెద్ద చెయ్యి గెలిచింది, రెండో పెద్దది ఓడింది. ఓడినవాటా రెండో పెద్దదానికే. ముగ్గురూ అర్హులే అయినా మూడోవాడు బల్ల వాటాతో సరిపెట్టుకోవాలి.